కిరాణా బిల్లుల్లోంచి లెక్క రాబట్టడం

చి. రవికి,

మామయ్య ఆశీస్సులు. షాపులో బిల్లింగ్ కంప్యూటర్ ఉన్నా సరుకు ఇంకా అంచనా మీదే తెప్పిస్తున్నావని మీ అమ్మ చెప్పింది.

2004లో అమెరికాలో ఫ్రాన్సెస్ తుఫాను ఫ్లోరిడా మీదికి వస్తుంటే, అక్కడి పెద్ద షాపుల సంస్థ వాల్‌మార్ట్ వాళ్లు అంతకుముందు తుఫాను నాటి బిల్లులు తిరగేశారు. టార్చిలైట్లు పోతాయని ఎవరైనా చెబుతారు. స్ట్రాబెర్రీ పాప్‌టార్ట్‌లు (వండకుండానే తినగల తీపి చిరుతిండి) మామూలు కంటే ఏడు రెట్లు పోతాయని మాత్రం బిల్లులే చెప్పాయి. లారీల్లో అవీ పంపారు. బిగ్ డేటా అని ఇప్పుడు అంటున్నది ఈ పనినే. వాళ్లవి కోట్ల బిల్లులు, నీవి వేలు. నీ అవసరానికి అవి చాలు, శుభ్రంగా ఉంటే.

లెక్క చెడేది కౌంటర్ దగ్గరే. ఒకే ధర గల సబ్బులు నాలుగు రకాలు ఎవరైనా కొనడానికి తెస్తే, కుర్రాడు గంధం సబ్బు ఒకదాన్నే స్కాన్ చేసి 4 అని కొట్టేస్తాడు. డబ్బు సరిపోతుంది, స్టాక్ సరిపోదు. గంధం సబ్బు మైనస్‌లోకి వెళుతుంది, వేపసబ్బు అరలో అయిపోయినా కంప్యూటర్‌లో ఉన్నట్టే చూపిస్తుంది. దేనికది స్కాన్ చేయించు. రద్దీలో నొక్కే ‘ఇతరములు’ మీట తీసేయించు. విడి సరుక్కి నీ సొంత కోడ్ ఇయ్యి. కందిపప్పు మూడు పేర్లతో ఎక్కి ఉంటుంది, ఒకటి చెయ్యి. రోజుకు 20 సరుకుల చొప్పున చేత్తో లెక్కపెట్టి కంప్యూటర్‌తో సరిచూడు. ఏడాదికోసారి చేసే స్టాక్ లెక్కలో తప్పు దొరికినా కారణం దొరకదు.

ఇక ఆర్డరు. నెలలో నూనె ప్యాకెట్లు 240 పోయాయనుకో. 30తో భాగిస్తే రోజుకు 8. కానీ పది రోజులు అసలు సరుకే లేదు. ఉన్న 20 రోజులతో భాగిస్తే 12. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: లేని రోజున సున్నా పడితే గిరాకీ లేదనుకుంటారు. ఆర్డరు పెట్టాక సరుకు రావడానికి 4 రోజులైతే 48, ఆలస్యానికి ఇంకో రెండు రోజుల 24 కలుపు. అరలో 72కి దిగగానే ఫోన్ చెయ్యాలి.

పండగ సరుక్కి ఇంగ్లీషు నెలలు పోల్చకు. వినాయక చవితి 2024లో సెప్టెంబరు 7న వచ్చింది, 2025లో ఆగస్టు 27న. ఆగస్టుకు ఆగస్టు పోలిస్తే బెల్లం గిరాకీ ఉన్నట్టుండి పెరిగినట్టు కనిపిస్తుంది. చవితికి ముందు పది రోజులను నిరుటి ఆ పది రోజులతోనే చూడు.

ఏది దేనితో కలిసి పోతుందో చూసేటప్పుడు పంచదార దగ్గర జాగ్రత్త. అది దేనితోనైనా చాలా బిల్లుల్లో ఉంటుంది. మొత్తం బిల్లుల్లో నూటికి 40 ఉండి, టీపొడి కొన్న బిల్లుల్లో 42 ఉంటే విశేషమేమీ లేదు. 70 ఉంటే రెండూ పక్కపక్కన పెట్టు.

రంగురంగుల గ్రాఫులు చూపించే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పొయ్యకు. నీ బిల్లులన్నీ ఎక్సెల్‌లోకి దించనిస్తుందో లేదో అడుగు, చాలు. ఖాతాదారుల ఫోన్ నంబర్లు తీసుకుంటే ఎందుకో చెప్పి, ఒప్పుకుంటేనే రాయించు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అడిగేదీ అదే. ఆ జాబితా డిస్ట్రిబ్యూటర్ అడిగినా ఇవ్వకు.

ముందు సబ్బుల సంగతి చూడు. ఒక నెల బిల్లులు సరిగ్గా పడ్డాక ఆ ఫైలు నాకు పంపు.

మామయ్య