వేర్లు నల్లబడితే జింకు కాదు, మడి ఆరబెట్టాలి

ప్రశ్న: సార్, బోరు కింద యాసంగి వరి నాటి 25 రోజులైంది. పిలకలు రావడం లేదు, ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. జింకు లోపమని దుకాణంలో జింకు, గుళికలు, ఇంకో బస్తా యూరియా ఇచ్చారు. వేసినా మార్పు లేదు. వేర్లు నల్లగా ఉన్నాయి, మడిలో అడుగేస్తే బుడగలొస్తున్నాయి. వరి పొలాల వల్ల భూమి వేడెక్కుతోందని మా అబ్బాయి అంటున్నాడు, నిజమేనా?
– ఓ రైతు, మిర్యాలగూడ

జవాబు: ఇది జింకు లోపం కాదు. అదైతే ముదురాకుల చివర్లలో ఈనెకు రెండు పక్కలా తుప్పు మచ్చలుండాలి. వేరు వాసన చూడండి. కుళ్లిన గుడ్డు కంపు కొడితే సల్ఫైడ్ (గాలాడని బురదలో పుట్టి వేర్లను నల్లబరిచే విషపదార్థం) దుష్ప్రభావమే. వానాకాలం కొయ్యకాళ్లను దమ్ములో తొక్కి వెంటనే నాటేసి ఉంటారు, ఆపైన నీళ్లు తీసి ఉండరు.

మడిలో నీళ్లన్నీ తీసేయండి. సన్నని నెర్రెలు వచ్చాక మళ్లీ పలుచగా పెట్టండి. కొత్త తెల్లవేర్లు కనిపించేదాకా యూరియా ముట్టొద్దు. తర్వాత వేసేటప్పుడూ నీరు తీసి బురద పదునులో చల్లి, 36-48 గంటలకు నీరు పెట్టండి. వేరు పీకి చూడకుండా మందులు అంటగట్టే దుకాణాల మాట ఇకనైనా వినొద్దు. డబ్బూ మీదే, పైరూ మీదే.

మీ అబ్బాయి చెప్పింది నిజం. ఆ బుడగల్లో మీథేన్ అనే వాయువు ఉంది. గాలాడని బురదలో గడ్డి కుళ్లి పుడుతుంది, ఎక్కువ భాగం వరి మొక్కలోంచే పైకి పోతుంది. భూమి వేడిని పట్టి ఉంచడంలో నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌ కంటే దాదాపు 28 రెట్లు బలమైనది. అతిగా వేసిన యూరియా నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ సుమారు 270 రెట్లు. ఆ వేడి తిరిగి మన మీదికే వస్తుంది: పూత వేళ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. ఆలస్యమైన యాసంగికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

ఆటో స్టార్టర్ (కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే పరికరం) పెట్టి మోటారు వదిలేయడం మానండి. 30 సెం.మీ. ప్లాస్టిక్ గొట్టానికి కింది సగం రంధ్రాలు చేసి, ఆ సగాన్ని మడిలో దించి, లోపలి మట్టి తీసేయండి. గొట్టంలో నీరు నేలకు 15 సెం.మీ. దిగువకు పోయాకే 5 సెం.మీ. నీరు కట్టండి. పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత వరకు మాత్రం మడి ఆరనివ్వొద్దు. ఇలా చేస్తే మీథేన్ దాదాపు సగం తగ్గుతుంది, బోరు నీళ్లూ మిగులుతాయి.

కోత అయ్యాక కొయ్యకాళ్లు కాల్చొద్దు. ఎకరాకు 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చల్లి, తడి మీద కలియదున్ని, మూడు వారాలు కుళ్లనిచ్చాకే నాట్లు వేయండి.