పులి బొమ్మ ఉన్న అయిదు రూపాయల నాణెం

ప్రశ్న: చిల్లరలో నాకు వచ్చిన ఒక అయిదు రూపాయల నాణెం మీద చెట్టు ముందు పులి నిలబడి ఉంది, 1935–2010 అని సంవత్సరాలు కూడా ఉన్నాయి. ఈ బొమ్మకు అర్థమేమిటి? ఈ నాణెం చెల్లుతుందా?

జవాబు: నిస్సంకోచంగా చెల్లుతుంది, విలువ అయిదు రూపాయలే. 1935 ఏప్రిల్ 1న పని ప్రారంభించిన భారతీయ రిజర్వు బ్యాంకుకు డెబ్బై అయిదేళ్లు నిండిన సందర్భంగా వెలువడిన ప్లాటినం జూబిలీ నాణెం అది. మన దేశంలో నాణేలను ముద్రించేది కేంద్ర ప్రభుత్వం, వాటిని జనంలోకి పంపేది రిజర్వు బ్యాంకు. కనుక బ్యాంకు తన గురించి తాను వేసుకున్న నాణెంగా కాక, ప్రభుత్వం ఆ బ్యాంకుకు చేసిన గౌరవంగా దీన్ని చూడాలి.

ఇక పులి సంగతి. ఆ బొమ్మ రిజర్వు బ్యాంకు అధికార చిహ్నం, దానికి పుట్టినిల్లు మరొక నాణెమే. 1835లో ఈస్టిండియా కంపెనీ ముద్రించిన డబుల్ మొహరు అనే బంగారు నాణెం మీద ఒకవైపు నాలుగో విలియం రాజు ముఖం, రెండోవైపు తాటిజాతి చెట్టు, దాని ముందు సింహం ఉండేవి. కొత్త బ్యాంకుకు ముద్ర కోసం వెతుకుతున్నవారికి ఆ బొమ్మ నచ్చింది. అయితే భారతదేశానికి పులే ఎక్కువ తగిన జంతువని భావించి, చెట్టును అలాగే ఉంచి, సింహం స్థానంలో పులిని నిలిపారు. పులిని మన జాతీయ జంతువుగా ప్రకటించింది 1973లో అని గుర్తుచేసుకుంటే, ఆ ఎంపిక ఎంత ముందుచూపుతో జరిగిందో తెలుస్తుంది. కలకత్తాలోని బెల్వెడియర్ భవన ద్వారం మీది పులి విగ్రహాన్ని నమూనాగా తీసుకున్నారు. అయినా తొలి చిత్రాలు సరిగా కుదరలేదు. అందులోని జంతువు ఏదో జాతి కుక్కలా కనిపిస్తోందని బ్యాంకు డిప్యూటీ గవర్నరుగా ఉండి తర్వాత గవర్నరైన జేమ్స్ టేలర్ అభ్యంతరం చెప్పి, బొమ్మను మెరుగుపరచాలని పట్టుబట్టారు.

ఆయన పట్టుదల ఎంత సమంజసమో మీ చేతిలోని నాణెమే చెబుతుంది. కేవలం 23 మిల్లీమీటర్ల వ్యాసంలో చెట్టు, పులి, అక్షరాలు, సంవత్సరాలు అన్నీ ఇమడాలి. పైగా నాణేలు ఒకదానిమీద ఒకటి సరిగా నిలవాలన్నా, బొమ్మ త్వరగా అరిగిపోకుండా ఉండాలన్నా, చెక్కడం చుట్టూ ఉన్న అంచు కన్నా ఎత్తుగా ఉండకూడదు. అంత తక్కువ ఎత్తులో పులి పులిలా కనిపించాలంటే చారలు, నడుము వంపు, తల తీరు ఎంతో నికరంగా ఉండాలి. నాణేన్ని దీపం వెలుగులో ఏటవాలుగా పట్టుకుని ఒకసారి చూడండి. చేతులు మారి బాగా అరిగిన నాణెమైతే, ఉబ్బెత్తు భాగాలు నునుపై, టేలర్‌కు వచ్చిన అనుమానం మీకూ రావచ్చు.

నాణేన్ని తిప్పితే సారనాథ్‌లోని అశోక స్తంభపు సింహాలు కనిపిస్తాయి. ఒకవైపు కంపెనీ సింహాన్ని తప్పించి నిలిపిన పులి, మరొకవైపు రెండువేల ఏళ్లు దాటిన మౌర్యుల సింహాలు. ఈ కలయికను ఎవరూ ప్రత్యేకంగా ఉద్దేశించి ఉండకపోవచ్చు గాని, నాకు మాత్రం ఈ నాణెంలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. బంగారు మొహరు మీద మొదలైన బొమ్మ, నూట డెబ్బై అయిదేళ్ల తర్వాత, ఇత్తడి ఛాయ గల ఈ అయిదు రూపాయల బిళ్ల మీద కూడా కనిపించింది.