రెండో తాళంతో నా కారు నేనే తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: పద్నాలుగు నెలల క్రితం హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల డీలరు దగ్గర 2009 మోడల్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు 19 లక్షలకు కొన్నాను. నాలుగైదు రోజులు బయటికి తీయకపోతే బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ తిరగదు. ఒక షెడ్డుకు ఇచ్చాను. మొదట బ్యాటరీ మార్చారు. కొన్నాళ్లకు ఇంకో బ్యాటరీ వేశారు. ఆ తర్వాత ఆల్టర్నేటర్ మార్చారు. మొత్తం 1,42,000 రూపాయలు కట్టాను. జబ్బు మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు ‘వైరింగ్ చెకప్’ పేరుతో 38,000 బిల్లు వేసి, అది కడితేనే బండి ఇస్తామంటున్నారు. డీలరును అడిగితే ‘ఉన్నది ఉన్నట్టు కొన్నారు’ అని నా సంతకం చూపిస్తున్నాడు. చీటింగ్ కేసు పెట్టమని మా బావమరిది అంటున్నాడు. రెండో తాళం నా దగ్గరే ఉంది. వెళ్లి బండి తెచ్చుకోవచ్చా?

జవాబు: మీ చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీకు నిజంగా ముప్పు తెచ్చేది అదే. దయచేసి ఆ పని చేయకండి. మన వస్తువు మనం తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుందని అనిపించడం సహజం. కానీ దొంగతనాన్ని నిర్వచించే భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లోని ఉదాహరణల్లో మీ పరిస్థితికి సరిగ్గా సరిపోయేది ఒకటి ఉంది. గడియారం బాగుచేసినందుకు రావాల్సిన డబ్బు కోసం చట్టప్రకారం దాన్ని హామీగా తన దగ్గర ఉంచుకున్న మనిషి నుంచి, ఆ హామీ అతనికి దక్కకుండా చేయాలని యజమానే గడియారం తీసుకెళ్తే అది దొంగతనం. పాత శిక్షాస్మృతి 378లోనూ ఇదే ఉదాహరణ ఉండేది. ఇవాళ న్యాయం మీ వైపు ఉంది. రాత్రిపూట తాళం తిప్పి బండి బయటికి తెస్తే రేపు స్టేషన్లో సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే.

షెడ్డు వాళ్లకు బండి ఆపే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ నుంచి వస్తుంది. అప్పగించిన వస్తువు మీద శ్రమో నైపుణ్యమో పెట్టి పని చేసినవాడు, ఆ పనికి న్యాయంగా రావాల్సిన కూలి అందేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. ఈ హక్కుకు హద్దులున్నాయి. ఆ బండి మీద ఆ పని నిజంగా జరిగి ఉండాలి, అడిగే మొత్తం సబబుగా ఉండాలి. వేరే బాకీల కోసం బండి ఆపడానికి ఇది పనికిరాదు. తన బాకీ కోసం తానే ఆపి, పైగా రోజుకింత పార్కింగ్ అద్దె వేస్తే, ముందే ఒప్పుకుని ఉంటే తప్ప, అది నిలవడం కష్టం.

కాబట్టి ముందు ఒక ఉత్తరం రాయండి. ఆ 38,000 దేనికి? ఏ వైరు చూశారు, ఏ రీడింగు వచ్చింది, ఏం తేలింది? జాబ్ కార్డు నకలు, మీరు ఒప్పుకున్న ఎస్టిమేట్, తీసేసిన పాత ఆల్టర్నేటర్ ఇవ్వమని అడగండి. ఈ ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులోనూ వాట్సాప్‌లోనూ పంపండి. వారంలో జవాబు రాకపోతే, మీకు స్తోమత ఉంటే, ‘అభ్యంతరం తెలుపుతూ, నా హక్కులు వదులుకోకుండా చెల్లిస్తున్నాను’ అని రాసి బ్యాంకు ద్వారా కట్టి బండి తెచ్చుకోమనే నా సలహా. ఆ డబ్బు తర్వాత వినియోగదారుల కమిషన్‌లో వేసే ఫిర్యాదులో కలిపి అడగవచ్చు. కట్టడం ఇష్టం లేకపోతే, ఫిర్యాదుతో పాటే వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు కోరండి. వివాదంలో ఉన్న సొమ్మును కమిషన్ దగ్గర జమచేసి బండి ఇప్పించమని అడగవచ్చు. కానీ దానికి సమయం పడుతుంది. ఆలోగా కారు దిగిపోయిన బ్యాటరీతో షెడ్డులో పడి ఉంటే ఆ బ్యాటరీ కూడా చస్తుంది.

ఇక షెడ్డు మీద మీ కేసు ఎంత గట్టిదో చూద్దాం. దీనికి చట్టం కంటే ముందు కారు సంగతి కొంచెం అర్థం కావాలి.

నడుస్తున్నంతసేపు బాగుండి, నాలుగైదు రోజులు ఆపితే దిగిపోయే బ్యాటరీ విషయంలో మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: కారు తాళం వేసి ఉన్నప్పుడు లోపల ఏదైనా కరెంటు లాగుతోందా? దీన్ని ఆంపియర్లలో కొలవాలి. తలుపులు మూసి, తాళం వేసి, కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారుకునేదాకా ఆగాలి. కొన్ని కార్లలో దానికి అరగంటకు పైనే పడుతుంది. ఆ తర్వాత 20 నుంచి 50 మిల్లీఆంపియర్లు ఉంటే మామూలే. అదే 400 ఉంటే రోజుకు 9.6 ఆంపియర్ అవర్లు పోతాయి. 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో అయిదు రోజులకు 48 ఖాళీ. అప్పుడు సెల్ఫ్ తిరగకపోవడంలో వింతేముంది? మీరు చెప్పిన లక్షణం ఈ లెక్కకు బాగా దగ్గరగా ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ ఎక్కడ ఆ కరెంటు పడిపోతుందో చూస్తే దొంగ దొరుకుతుంది. అది పాత యజమాని పెట్టించిన అలారమో ఆంప్లిఫయరో కావచ్చు, నిద్రపోని ఒక మాడ్యూలో రిలేయో కావచ్చు.

మిగతా కొలతలూ సులువైనవే. రాత్రంతా ఆపి ఉంచిన మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజన్ నడుస్తుంటే చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య చూపాలి. ఆ అంకె సరిగా ఉంటే, నడుస్తున్నప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను అనుమానించడానికి కారణం చాలావరకు పోతుంది. బ్యాటరీ ముందు, ఇంజన్ వెనక ఉన్న స్పోర్ట్స్ కార్లలో పొడవాటి కేబుళ్లు, ఎర్త్ పట్టీలు వయసు మీద తుప్పుపట్టి వోల్టేజీని తినేస్తాయి. కొత్త బ్యాటరీ వేసినా ఆ లోపం పోదు.

మీ బలం ఇక్కడే ఉంది. థర్మామీటరు పెట్టకుండా మందులు మార్చినట్టు, ఏ రీడింగూ తీయకుండా విడిభాగాలు మారుస్తూ పోతే అది చట్టం చెప్పే సేవాలోపం కిందికి వస్తుంది. వినియోగదారుల రక్షణ చట్టంలోని 2(11) నిర్వచనంలో సేవ నాణ్యతలో లోపంతో పాటు, వినియోగదారుడికి చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా ఉంది. బాగుచేయలేకపోయారన్నది ఒక్కటే చూపితే కేసు నిలవదు. పాత కారు, ఒక్కోసారి జబ్బు అంతుపట్టదు. కొలవకుండా లక్షన్నర వరకు వసూలు చేశారన్నది చూపగలిగితే నిలుస్తుంది.

వాళ్ల వైపు వాదన కూడా ముందే వినండి. ఆల్టర్నేటర్‌లోని డయోడ్ చెడితే కారు ఆపి ఉన్నప్పుడు కూడా బ్యాటరీని లాగేయగలదు. అందుకే మార్చామంటారు. నిజమే కావచ్చు. అయితే దాని వైరు తీసి చూసినప్పుడు లీకు తగ్గిందా, ఆ అంకె ఎక్కడ రాశారు అని అడగాలి. తీసేసిన ఆల్టర్నేటర్ మీ చేతికొస్తే ఆటో ఎలక్ట్రీషియన్ బెంచి మీద పెట్టి పరీక్షిస్తాడు. అది బాగానే ఉందని తేలితే అంతకు మించిన సాక్ష్యం మీకు అక్కర్లేదు.

కొన్నాక మీరే జీపీఎస్ ట్రాకరో డ్యాష్ క్యామ్‌రానో పెట్టించారా? పెట్టిస్తే నాతో సహా అందరికీ ముందే చెప్పండి. విచారణలో అవతలివాళ్లు బయటపెడితే మీరు చెప్పిన మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు.

బండి చేతికి రాగానే రిపేరుకు పరుగెత్తకండి. ఫలానా రోజు, ఫలానా చోట పరీక్ష చేయిస్తున్నాం, మీరూ వచ్చి చూడండి అని షెడ్డు వాళ్లకు రాతపూర్వకంగా తెలపండి. లైసెన్సున్న మోటారు సర్వేయరుతోనో, అనుభవమున్న స్వతంత్ర ఆటో ఇంజనీరుతోనో రీడింగులు తీయించి, సంతకంతో నివేదిక తీసుకోండి. మీటరు అంకె కనపడేలా వీడియో తీయండి. వాట్సాప్ మెసేజ్‌లు, వీడియోలకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేస్తే అభ్యంతరాలకు తావుండదు. ల్యాబ్ పరీక్ష అవసరమనుకుంటే కమిషనే వినియోగదారుల రక్షణ చట్టం 38(2)(సి) కింద పంపగలదు.

డీలరు మీద మీ కేసు ఇంత గట్టిది కాదు. ముందు రసీదు ఎవరి పేరున ఉందో చూడండి. అతను కేవలం మధ్యవర్తిగా ఉండి, అమ్మింది పాత యజమాని అయితే దారి వేరు. వ్యాపారి కాని వ్యక్తి తన సొంత కారు అమ్మితే అది సాధారణంగా వినియోగదారుల కమిషన్‌కు రాదు, సివిల్ కోర్టుకు వెళ్లాలి. డీలరే అమ్మి ఉంటే, వస్తువుల విక్రయ చట్టం 16వ సెక్షన్‌లోని నాణ్యత షరతు వర్తిస్తుంది. ‘ఉన్నది ఉన్నట్టు’ అనే రాత ఆ షరతును కొంతవరకు తీసేయగలదు కూడా. పరిశీలించి కొన్నారు కదా అని వాళ్లంటే, ఆ సెక్షన్ మాట గుర్తుచేయండి: పరిశీలనలో బయటపడాల్సిన లోపాలకే ఆ మినహాయింపు. నాలుగు రోజులు ఆపితేనే కనిపించే లోపం అరగంట టెస్ట్ డ్రైవ్‌లో కనపడదు. డీలరుకు ముందే తెలుసని చూపగలిగితే కథ మారుతుంది. చాసిస్ నంబరు పట్టుకుని పాత సర్వీస్ రికార్డులు అడగండి. అమ్మకానికి ముందే ఇదే ఫిర్యాదు నమోదై, అది డీలరు చేతిలో ఉండీ మీకు దాచాడని తేలితే, ఆ సంతకం అతన్ని కాపాడదు. అలాంటిదేమీ దొరక్కపోతే డీలరును వదిలేయమనే చెబుతాను.

చీటింగ్ కేసు మాట: మొదటి నుంచీ మోసం చేయాలన్న ఉద్దేశం చూపాలి. మీరు చెప్పినదాంట్లో షెడ్డు వాళ్ల విషయంలో నాకు అది కనపడలేదు. స్టేషన్లో సివిల్ తగాదా అని పంపించేస్తారు.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం. డీలరు విషయంలో కొన్న రోజు నుంచి లెక్కేసుకోండి, మీకు మిగిలింది పది నెలలే. నోటీసులు పంపుతూ కూర్చుంటే గడువు ఆగదు. షెడ్డు విషయంలో మొదటి బిల్లు తేదీ నుంచి లెక్కేసుకోవడం క్షేమం. రెండిటికీ కారణాలు వేరు కాబట్టి ఫిర్యాదులూ వేరుగా వేయండి. మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా కుదురుతుంది. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు కనుక షెడ్డు మీద ఫిర్యాదుకు రుసుము లేదు. 19 లక్షల కారు విషయమైతే 400 రూపాయలు. ముందుగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేస్తే కొన్ని షెడ్లు అక్కడే రాజీకి వస్తాయి.

ఫిర్యాదులో ఆల్టర్నేటర్ ఖర్చు, కూలి, 38,000 తిరిగి ఇప్పించమని, దానిపై వడ్డీ, ఖర్చులు కోరండి. రెండు బ్యాటరీల్లో ఒకటి ఇంకా మీ కారులోనే ఉంది కాబట్టి దాని ధర మాత్రం అడగకండి.