షుగర్ ఉన్నవాళ్లు అన్నం మానేసి రాగిజావ తాగితే చాలా?

చాలదు. రాగుల్లో పీచు పాలిష్ బియ్యంలో కంటే ఎక్కువే. కానీ మెత్తగా పట్టించిన పిండిని పల్చగా కాచి తాగితే అది చాలా త్వరగా అరిగిపోయి, రక్తంలో గ్లూకోజు గబగబా పెరుగుతుంది. బెల్లం కలిపితే ఇక చెప్పక్కర్లేదు. అదే రాగులతో గట్టిగా సంగటి చేసి, చిన్న ముద్ద తీసుకుని, ఆకుకూర పప్పుతో తింటే నయం.

నా మట్టుకు, ఏ ధాన్యం అన్నదానికంటే కంచంలో ఎంత, దేనితో అన్నదే ముఖ్యం. మన భోజనంలో అన్నం కొండంత, కూర నంజుకోవడానికి. దాన్ని తిరగెయ్యండి: సగం కంచం బీర, సొర, దొండ, బెండ, గోంగూర లాంటివి, పావు వంతు పప్పు, గుడ్డు లేదా చేప, మిగిలిన పావులో అన్నమో కొర్రన్నమో. ముందు కూర, పప్పు తిని అన్నం చివర్లో తింటే భోజనం తర్వాత షుగర్ తక్కువగా పెరుగుతుంది. సాయంత్రం బిస్కెట్లకు బదులు ఉడికించిన శనగలో, అలసందలో గుప్పెడు తినండి.

కాకరకాయ కూర నిక్షేపంగా తినొచ్చు. దాని రసం తాగుతూ మాత్రలు మానేయడం మాత్రం ప్రమాదం. మాత్రలతో పాటు తాగినా కొందరికి షుగర్ మరీ పడిపోవచ్చు, డాక్టరుకు చెప్పాలి.

మీ ఒంటికి ఏది పడుతుందో గ్లూకోమీటరే చెబుతుంది. భోజనం మొదలుపెట్టిన 2 గంటలకు చూసుకోండి. చాలామందికి అప్పుడు షుగర్ 180 mg/dL లోపు ఉండాలంటారు.