షాపు కొత్తగా తెరిచిన మా మేనకోడలికి

అమ్మలూ,

నీ మెసేజ్ రాత్రి పడుకోబోయే ముందు చూశాను. షాపు తెరిచి రెండు నెలలు కాలేదు, అప్పుడే విసుగొచ్చేసిందని రాశావు. జెరాక్స్‌కి వచ్చేవాళ్ళ కంటే ఊరికే అడిగి పోయేవాళ్ళే ఎక్కువన్నావు, ఫోన్లో కూడా ఎవరివో తెలియని నంబర్ల నుంచి 'మేడమ్ ఇది ఎలా చెయ్యాలి, అది ఎక్కడిస్తారు' అని వస్తూనే ఉంటాయన్నావు, మొన్న ఒకాయన నువ్వు చెప్పిన ఆఫీసుకి వెళ్ళి పని అవక తిరిగొచ్చి నలుగురి ముందూ నీ మీద అరిచాడన్నావు. ఇకమీదట తెలిసినవాళ్ళకి తప్ప ఎవరికీ ఏమీ చెప్పనని చివర్లో ఒక మాట రాశావు చూడు, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. అందుకే పొద్దున్నే లేచి ఇంత పొడుగు ఉత్తరం.

తెలిసినవాళ్ళకి నువ్వు చెప్పకపోయినా ఏం కాదే. వాళ్ళకి అడగడానికి ఇంకో పదిమంది ఉంటారు. కొండ మీద ఊరి నుంచి పొద్దున్న ఆరు గంటల బస్సెక్కి వచ్చిన మనిషికి ఈ ఊళ్ళో ఎవరూ లేరు. ఆఫీసులో అడగాలంటే గుమాస్తా కసురుకుంటాడని భయం, పక్కవాణ్ణి అడగాలంటే సిగ్గు. నీ షాపు గుమ్మం దగ్గర రెండు నిమిషాలు తచ్చాడి, లోపల ఆడపిల్ల ఉంది, కసరదులే అనుకుని ఎక్కుతాడు.

నేను పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై ఏళ్ళు దాటి కూర్చున్నాను. స్టాంపులు అమ్మినదాని కంటే జవాబులు చెప్పిందే ఎక్కువ. పర్లాకిమిడి సంగతి నీకు కొత్తగా చెప్పాలా, 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మన ఊరు ఒడిశాలోకి వచ్చింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్రా వైపే ఉండిపోయింది. నడిచి వెళ్ళి రాగలిగే దూరం, అయినా మన పిన్‌కోడ్ 76తో మొదలవుతుంది, వాళ్ళది 53తో. ఒక తల్లి పిల్లల్లో అన్నకి ఒడిశా రేషన్ కార్డు, పాతపట్నంలో ఇచ్చిన చెల్లెలికి ఆంధ్రా కార్డు. ఇలాంటి చోట ఏ ప్రశ్నకైనా రెండు జవాబులుంటాయి. నీ మీద అరిచినాయన విషయంలో కూడా అదే జరిగి ఉంటుంది, ఆయన అడిగినదానికి నువ్వు సరిగ్గానే చెప్పి ఉంటావు, కానీ ఆయన పనికి అది జవాబు అయ్యుండదు.

నాకు ఇది ఎలా తెలిసొచ్చిందో చెప్తాను. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. ఒకావిడ చంటిపిల్లని చంకనేసుకుని, ఏడెనిమిదేళ్ళ కొడుకుని చెయ్యి పట్టుకుని వచ్చింది. 'కుల సర్టిఫికెట్ ఎక్కడిస్తారమ్మా, పిల్లాడికి స్కూల్లో అడుగుతున్నారు' అంది. ఆవిడ చేతిలో ఉన్న కవరు మీద పాతపట్నం అడ్రసు చూశాను, మాట కూడా అటువైపు మాటే, వెనకాల లైను పెరుగుతోంది, 'పాతపట్నం మండలాఫీసుకి వెళ్ళండి' అనేశాను. ఆవిడ ఆ ఎండలో పిల్లలిద్దరినీ వేసుకుని వెళ్ళింది. తీరా చూస్తే పిల్లాడి తండ్రిది మన ఒడిశాలోని కాశీనగర్. ఆవిడ పుట్టింట్లో ఉంటోందంతే. కులం కాగితం తండ్రి వైపు నుంచి చూస్తారు, ఒక రాష్ట్రం జాబితా ఇంకో రాష్ట్రంలో పనికిరాదు. మూడో రోజు మళ్ళీ నా కౌంటర్ దగ్గరికే వచ్చింది. కోప్పడలేదు. 'వాళ్ళు ఇవ్వరన్నారమ్మా, ఇప్పుడెక్కడికెళ్ళాలి' అని మళ్ళీ నన్నే అడిగింది. ఆవిడకి రెండు రోజుల కూలి పోయింది, బస్సు డబ్బులు పోయాయి. నాకేం పోలేదు, నెలాఖరుకి నా జీతం నాకొచ్చింది. 'పిల్లాడి తండ్రిది ఏ ఊరమ్మా' అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆవిడ మొహం నాకు ఇప్పటికీ గుర్తు.

అప్పటి నుంచి ఎవరేం అడిగినా ముందు 'ఎవరికి, దేనికోసం' అని అడగకుండా నోరు తెరవలేదు. నువ్వూ అలాగే చెయ్యి. మొన్న మీ నాన్న చెప్పాడు, ఎవరో కుర్రాడు వచ్చి 'పది డిసిమిల్ అంటే ఎంతక్కా' అని అడిగితే నువ్వు ఫోన్లో లెక్క చూసి చెప్పావట. లెక్క తేలికే, మన దగ్గర డిసిమిల్ అన్నదే ఆంధ్రాలో సెంటు, ఎకరంలో వందో వంతు, 435.6 చదరపు అడుగులు. పది డిసిమిల్ అంటే పది సెంట్లు, 4356 అడుగులు. సరే, కానీ ఆ కుర్రాడు లెక్కల పరీక్ష కోసం అడగలేదు కదా. వాళ్ళింట్లో ఎవరో స్థలం కొంటున్నారు, మోసపోతామేమో అని వాళ్ళకి టెన్షన్. అక్కడ ఆగి 'కొంటున్నారా బాబూ' అని అడిగితే అసలు విషయం బయటికొచ్చేది. అప్పుడు నువ్వు చెప్పాల్సింది ఇంకా ఉంది. పట్టా మీద కిసమ్, అంటే భూమి రకం, ఏమని ఉందో చూసుకోమనాలి, ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం, పొలం కిసమ్ అయితే ఇల్లు కట్టే ముందు మార్పించుకోవాలి. అమ్మేవాళ్ళు గిరిజనులైతే, ఆర్. ఉదయగిరి, గుమ్మ వైపు షెడ్యూల్డ్ ఏరియా అయితే, గిరిజనేతరులు ఆ భూమి కొనడానికే వీల్లేదు. భూమి ఎవరి పేరు మీద ఉందో ఒడిశా భూరికార్డుల సైటు భూలేఖ్‌లో చూడొచ్చు, అది నీ షాపులోనే రెండు నిమిషాల పని. ఇంత చెప్పి, 'డబ్బు కట్టే ముందు వకీలుకి ఒకసారి చూపించండి' అంటే ఆ ఇంటికి జరిగే మేలు ఎంతో ఆలోచించు.

అలాగని అందరికీ అన్నీ చెప్పకు. ఒకాయన 'స్టేషన్ ఎటు' అంటే ఎటో చెయ్యి చూపించు, చాలు.

ఇంకొకటి, ఇది చాలా జాగ్రత్తగా విను. కొందరు కాగితం నీ ముందు పెట్టి 'కళ్ళజోడు మర్చిపోయానమ్మా, కొంచెం చదివి పెట్టు' అంటారు. జేబులో కళ్ళజోడు కనిపిస్తున్నా సరే, నువ్వు చూడనట్టే ఉండు. వాళ్ళకి చదువు రాదు, లేదా తెలుగు వచ్చు గానీ ఒడియా రాదు, ఆ మాట నలుగురిలో చెప్పుకోలేరు. కాగితం తీసుకుని, గొంతు తగ్గించి, వాళ్ళకి మాత్రమే వినబడేట్టు చదువు. కోర్టు కాగితమో ఆసుపత్రి కాగితమో అయితే పక్కన ఎవరైనా ఉన్నారేమో చూసి, లోపలికి రమ్మని చదువు. చదివాక 'అర్థమైందా' అని అడగకు, అందరూ ఊఁ అంటారు. 'ఇప్పుడు ఎక్కడికెళ్తారు, ఏం తీసుకెళ్తారు' అని అడుగు, వాళ్ళ నోటితో చెప్పించు. అక్కడ తేడా ఉంటే నీకే తెలుస్తుంది.

చెప్పింది చెప్పినట్టు గుర్తుంచుకోవడం ఎవరికైనా కష్టమే, అందులోనూ కంగారులో ఉన్నప్పుడు. నీ దగ్గర పాడైపోయిన జెరాక్స్ కాగితాలు బోలెడుంటాయి, వాటిని చిన్న చీటీలుగా కోసి పెట్టుకో. పైన వాళ్ళు కౌంటర్లో చూపించడానికి పని పేరు ఒడియాలో రాయి, కింద వాళ్ళకి అర్థమయ్యేట్టు ఏమేం తీసుకెళ్ళాలో తెలుగులో రాయి. నేను పోస్టాఫీసులో ఇలా రాసిచ్చిన చీటీలు ఐదారేళ్ళ తర్వాత కూడా మడతపెట్టి సంచిలో దాచుకున్నవాళ్ళని చూశాను. అది చూసి సంతోషించాను గానీ భయం కూడా వేసింది, ఎందుకంటే జవాబు పాతబడిపోతుంది, చీటీ మాత్రం వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. అందుకని చీటీ మీద తారీఖు తప్పకుండా వెయ్యి.

పాతబడటం అంటే మామూలుగా కాదు. రైలు టికెట్ 120 రోజుల ముందు తీసుకోవచ్చని నేను ఎంతమందికి చెప్పానో, 2024 నవంబర్ నుంచి అది 60 రోజులే. 'ముఖ్యమైన కాగితమైతే రిజిస్టర్ పోస్టులో పంపు' అని సర్వీసంతా చెప్పాను, 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆసుపత్రి కార్డు సంగతి ఇంకా గందరగోళం, ఒడిశాలో నిన్నమొన్నటి దాకా బిజు కార్డు అనేవాళ్ళం, 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ కార్డు వచ్చింది, అటు ఆంధ్రాలో ఆరోగ్యశ్రీ పేరే మారిపోయింది. నీకు పోయినేడు తెలిసింది ఈ ఏడు నిజమేనని అనుకోకు. నెలకి ఒకసారి ఒక గంట కూర్చుని, నిన్ను ఎక్కువమంది అడిగే పది విషయాలు మళ్ళీ చూసుకో. అనుమానంగా ఉంటే 'నాకు తెలిసినప్పుడు ఇలా ఉండేది, ఒకసారి కనుక్కుని చెప్తాను, రేపు రండి' అను. రమ్మన్నాక మాత్రం కనుక్కుని ఉంచాలి.

తెలీదని చెప్పడానికి నామోషీ పడకు. నీది కొత్త షాపు, తెలీదంటే జనం రారేమో అని నీకు ఉంటుంది, నాకూ ఉండేది. కానీ 'తెలీదు' దగ్గర ఆపెయ్యకు, ఎవరికి తెలుసో చెప్పి పంపు. రైలు సంగతులకి 139 ఉంది. పెన్షన్ ఆగిపోయిందని ముసలాయన వస్తే, సెంట్రల్ గవర్నమెంట్ పెన్షన్ అయితే ముందు 'నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారా' అని అడుగు, చాలాసార్లు విషయం అక్కడే ఉంటుంది. ఎనభై దాటినవాళ్ళు అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు, వాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఉత్తరం అందలేదంటే రసీదు అడుగు, దాని మీద IN అని ముగిసే పదమూడు అక్షరాల నంబరు ఉంటుంది, అది లేకుండా ఎవరూ ఏమీ చెయ్యలేరు. OTP చెప్పేశాను, డబ్బులు పోయాయి అని ఏడుస్తూ ఎవరైనా వస్తే ఇంకేం అడగొద్దు, ముందు సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ కలిపి చేతికివ్వు, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత.

మందుల జోలికి మాత్రం వెళ్ళకు. 'ఈ బిళ్ళ రెండు వేసుకోవచ్చా' అని చీటీ చూపిస్తారు, నీకు తెలిసినా చెప్పకు, మందుల షాపుకో డాక్టర్ దగ్గరికో పంపు. పాము కరిచిందని ఎవరైనా ఫోన్ చేస్తే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, మంత్రగాడి దగ్గర టైము పోగొట్టొద్దు, కరిచిన కాలు కదపకుండా ఉంచి 108 పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పు. అంతకు మించి ఒక్క ముక్క వద్దు.

ఇంకో రకం ప్రశ్న ఉంది, పైకి మామూలుగా కనిపిస్తుంది. 'ఫలానా ఆవిడ ఏ వీధిలో ఉంటుందమ్మా, మా చుట్టాలే' అంటారు. పోస్టాఫీసులో రోజూ వచ్చే ప్రశ్న అది. నేను ఎప్పుడూ చెప్పలేదు. 'మీ పేరు, నంబరు రాసిచ్చి వెళ్ళండి, ఆవిడ కనిపిస్తే ఇస్తాను' అనేదాన్ని. నిజంగా చుట్టమైతే సంతోషంగా రాసిస్తాడు. రాయకుండా వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు, అందులో ఒకాయన తర్వాత ఏం చేశాడో తెలిశాక, చెప్పకపోవడం ఎంత మంచిదైందో అనుకున్నాను. ఆ వివరాలు ఇక్కడ రాయను. నీ ఫోన్‌కి జనం పంపే ఆధార్ ఫోటోలు కూడా అంతే, పని అయిన రోజే తీసెయ్యి, తీసేశానని వాళ్ళకి చెప్పు.

ఫోన్లో అడిగేవాళ్ళకి మొహం కనబడదు, కాబట్టి ఇంకా ఓపిక కావాలి. పొడుగ్గా రాస్తే చదవరు. రెండు ప్రశ్నలు అడిగి, వాళ్ళు చెప్పాక మూడు వరసల్లో జవాబు రాయి, చదువు రానివాళ్ళైతే గొంతు రికార్డు చేసి పంపు. రాత్రి ఎనిమిది తర్వాత చూడకు, అది నీ టైము, ప్రాణం మీదికొచ్చినదైతే ఎలాగూ ఫోన్ చేస్తారు.

డబ్బుల సంగతి అడిగావు. ఫారం నింపితే, ప్రింటు తీస్తే, ఆన్‌లైన్లో దరఖాస్తు పెడితే న్యాయంగా ఎంతో అంత తీసుకో, మొహమాటపడకు, నువ్వూ బతకాలి, కరెంటు బిల్లు కట్టాలి. ధర కాగితం మీద రాసి గోడకి అంటించు. మాటకి మాత్రం డబ్బు తీసుకోవద్దు. అది నా మాటగా విను, కారణం అడగకు.

ఆ అరిచినాయన మళ్ళీ వస్తే, వస్తాడు, ఇలాంటివాళ్ళు తప్పకుండా వస్తారు, నీదే తప్పని గానీ నీది తప్పు కాదని గానీ అనకు. 'మీకు ఒకరోజు పోయింది కదా, ఈసారి మొదటి నుంచి చెప్పండి' అను. కూర్చోబెట్టి విను. అన్నట్టు, నీ షాపులో కూర్చోడానికి ఏమీ లేదని మీ నాన్న అన్నాడు. నిలబడ్డ మనిషి తొందరగా అడిగేసి తొందరగా వెళ్ళిపోతాడు, కూర్చున్నవాడే రెండో మాట చెప్తాడు. మా వసారాలో మీ తాతగారి బెంచీ ఖాళీగా పడి ఉంది. ఆదివారం నాన్నని ఆటో తీసుకుని రమ్మను, పట్టుకెళ్ళండి. ఒక కాలు కొంచెం ఊగుతుంది, కింద అట్టముక్క పెడితే సరిపోతుంది.

మీ అత్త