ఇంట్లో ఉన్నది నలుగురే అయినప్పుడు తల్వార్ దంపతులను హైకోర్టు ఎందుకు విడుదల చేసింది?

అడిగినవారి సందేహం ఇది: ఆరుషి హత్య జరిగిన రాత్రి ఆ ఇంట్లో నలుగురే ఉన్నారు, ఇద్దరు చనిపోయారు, మిగిలినది తల్లిదండ్రులే, అటువంటప్పుడు వారు కాక ఇంకెవరు చంపి ఉంటారు? నేను న్యాయవాదిని కాను. శ్రీకాకుళం జిల్లాలో గ్రామ రెవెన్యూ అధికారిగా పనిచేసి పదవీ విరమణ పొందాను. సర్వీసులో ఉండగా ఒక హత్య కేసులో పంచనామా మధ్యవర్తిగా, అంటే పోలీసులు వస్తువులు స్వాధీనం చేసుకునేటప్పుడు దగ్గరుండే సాక్షిగా, సంతకం చేసి, ఆ తర్వాత సెషన్స్ కోర్టులో బోనెక్కి సాక్ష్యం చెప్పాను. నాకు తెలిసినంతవరకు సమాధానం ఆ అనుభవంలోంచే చెబుతాను.

ముందుగా కేసు సంగతి. 2008 మే 15 రాత్రి నోయిడాలోని జలవాయు విహార్‌లో, తన పడకగదిలో ఆరుషి తల్వార్ హత్యకు గురైంది. ఆ అమ్మాయికి అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. మరునాడు ఉదయం అందరూ అనుమానించింది ఇంట్లో కనిపించకుండా పోయిన నేపాలీ పనిమనిషి హేమ్‌రాజ్‌ను. మేడ మీదకు వెళ్లే తలుపుకు తాళం వేసి ఉంటే ఆ రోజు ఎవరూ దానిని పగలగొట్టలేదు. మే 17న తాళం పగలగొట్టి చూస్తే డాబా మీద హేమ్‌రాజ్ శవం ఉంది. హంతకుడనుకున్నవాడు తానే హతుడని తెలియడానికి ఒక రోజు పట్టింది. ఈలోగా బంధువులు, ఇరుగుపొరుగు, విలేఖరులు ఆ ఇంట్లో తిరిగారు. నా దృష్టిలో ఈ కేసు సగం చెడిపోయింది ఆ ఒక్క రోజులోనే.

తర్వాతి మలుపులు చాలామందికి తెలిసినవే. మే 23న తండ్రిని పోలీసులు అరెస్టు చేశారు. సీబీఐ రంగంలోకి దిగాక మొదటి బృందం తల్వార్ల క్లినిక్‌లో పనిచేసే సహాయకుడిని, మరి ఇద్దరు పనివారిని అనుమానించింది కానీ సాక్ష్యం చాలక వారు విడుదలయ్యారు. రెండో బృందం అనుమానం తల్లిదండ్రుల వైపు తిరిగింది. అయినా 2010 డిసెంబరులో, అభియోగం మోపడానికి సాక్ష్యం చాలదంటూ కేసు మూసివేత నివేదికనే దాఖలు చేసింది. మేజిస్ట్రేటు దానిని తిరస్కరించి, అదే నివేదిక ఆధారంగా తల్లిదండ్రులను విచారణకు పిలిచారు. ఘాజియాబాద్ ప్రత్యేక కోర్టు 2013 నవంబరు 25న వారిని దోషులని తేల్చి, మరునాడు యావజ్జీవ శిక్ష వేసింది. అలహాబాద్ హైకోర్టు 2017 అక్టోబరు 12న ఆ తీర్పును కొట్టివేసింది.

ఇక నా అనుభవానికి వస్తాను. నాగావళి ఒడ్డున ఒక గ్రామంలో, పెద్ద వయసు వితంతువు తన పెంకుటింట్లో తెల్లవారేసరికి చనిపోయి ఉంది. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది ఆమె, చిన్న కొడుకు, అంతే. పొలం పంపకాల గొడవ ఊరంతటికీ తెలుసు. "ఇద్దరున్న ఇంట్లో ఒకరు చస్తే రెండో వాడు కాక ఇంకెవరు?" అని రచ్చబండ దగ్గర అందరూ అన్నారు, నేను కూడా లోలోపల అదే అనుకున్నాను. నన్ను పిలిచేసరికి పాతిక ముప్ఫై మంది పెరటి తలుపు గుండా వచ్చి చూసి పోయారు. ఆ తలుపు రాత్రి గడియ వేసి ఉందో, తీసి ఉందో చెప్పగలిగినవారు ఒక్కరూ మిగలలేదు.

రక్తపు మరకలున్న రెండు తువ్వాళ్లు స్వాధీనం చేసుకున్నారు. ఒకటి ఎర్ర అంచుది, ఆమె మంచం దగ్గరిది. రెండోది ఆకుపచ్చ అంచుది, కొడుకు గదిలో దండెం మీదిది. ఒక్కొక్క వస్తువును గుడ్డలో కట్టి, లక్క సీలు వేసి, దాని మీద మధ్యవర్తుల సంతకాలున్న చీటీ అంటించాలి. ఆ రోజు చీకటి పడుతోందని చెప్పి ముందుగా ఖాళీ చీటీల మీద మా చేత సంతకాలు పెట్టించుకున్నారు. వివరాలు స్టేషన్లో రాసుకుంటామన్నారు. పెద్ద తప్పని తెలియక నేను పెట్టాను.

చాలాకాలం తర్వాత శ్రీకాకుళంలో సాక్షుల బోనులో నిలబడినప్పుడు, ముద్దాయి తరఫు వకీలు గారు మూట విప్పించి, "ఇది ఎక్కడ దొరికింది?" అని అడిగారు. చీటీ మీద "ముద్దాయి గదిలో" అని ఉంది. లోపల ఉన్నది ఎర్ర అంచు తువ్వాలు. సంతకం నాదేనా అంటే నాదే. చీటీ మీద రాత నా ఎదుట జరిగిందా అంటే లేదని నిజమే చెప్పవలసి వచ్చింది. ప్రాసిక్యూటర్ గారు తల దించుకున్నారు. కొడుకును తల్లి హత్యతో ముడివేసే ఏకైక వస్తువు అక్కడితో పోయింది. సంశయ లాభం కింద కేసు కొట్టేశారు.

నోయిడా కేసులో దిండు గలీబు సంగతి చదివినప్పుడు నాకు ఆ తువ్వాళ్లే గుర్తుకు వచ్చాయి. క్లినిక్ సహాయకుడి గదిలో తీసిన ఊదారంగు గలీబు మీద హేమ్‌రాజ్ డీఎన్‌ఏ ఉన్నట్టు హైదరాబాదులోని డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ నివేదికలో నమోదైంది. చాలాకాలం తర్వాత అది రాతలో దొర్లిన పొరపాటని, అది హేమ్‌రాజ్ సొంత గదిలోని గలీబని వివరణ వచ్చింది. ఒక చీటీ అటు అయితే అనుమానం పనివాడి మీదకు పోతుంది, ఇటు అయితే తల్లిదండ్రుల మీద నిలుస్తుంది. మనుషుల బతుకులు అంత సన్నని దారం మీద వేలాడాయి. ఇద్దరినీ ఆరుషి గదిలోనే కొట్టారన్నది ప్రాసిక్యూషన్ కథ అయినప్పటికీ, ఆ గదిలో హేమ్‌రాజ్ రక్తం ఉన్నట్టు రుజువు కాలేదు.

మీరు అడిగిన నలుగురి లెక్కకు చట్టంలో చోటు ఉన్నది పాత సాక్ష్యాధారాల చట్టం 106వ సెక్షన్‌లో (కొత్త చట్టంలో 109). ఒక సంగతి ప్రత్యేకంగా ఒకరికి మాత్రమే తెలిసినదైతే దానిని వివరించే బాధ్యత వారిదే అని అది చెబుతుంది. కానీ ప్రాసిక్యూషన్ తన భారాన్ని ముద్దాయి నెత్తిన పెట్టడానికి అది దారి కాదని సుప్రీంకోర్టు 1956లో శంభునాథ్ మెహ్రా కేసులోనే చెప్పింది. బయటివారు రావడానికి వీలే లేదని ముందు ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి, ఆ తర్వాతనే ఇంట్లోవారిని సంజాయిషీ అడగాలి. తల్వార్ల ఇంట్లోకి మరొకరు వచ్చి ఉండే అవకాశాన్ని పూర్తిగా కొట్టివేయలేమని హైకోర్టు భావించింది. కాబట్టి "ఉన్నది నలుగురే" అన్న మాట దగ్గరే లెక్క ఆగిపోయింది. కళ్లారా చూసిన సాక్షి లేనప్పుడు, ముద్దాయి నిర్దోషి కావచ్చునన్న సహేతుకమైన అవకాశం ఏదీ మిగలనంతగా సాక్ష్యాల గొలుసు పూర్తి కావాలని 1984 నాటి శరద్ సార్దా తీర్పు నిర్దేశించింది. ఇక్కడ గొలుసులో లంకెలే దొరకలేదు.

ఈ తీర్పు సరైనదేనని నేను నమ్ముతున్నాను. అంత మాత్రాన న్యాయం జరిగిపోయిందని అనను. హేమ్‌రాజ్ భార్య సుప్రీంకోర్టు మెట్లెక్కింది, 2018లో సీబీఐ కూడా అప్పీలు వేసింది. ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది, ఎందుకంటే మా కేసు కొట్టేసిన రోజు కోర్టు వరండాలో చనిపోయినామె కూతురు నా చేయి పట్టుకుని, "అయితే మాయమ్మని ఎవులు సంపినట్టు బాబూ?" అని అడిగింది. ఆ ఖాళీ చీటీల సంగతి ఆమెకు చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెప్పలేక, ఆమెను బస్సు ఎక్కించి వచ్చాను.