సొంత దీవుల్లో ఉండే క్లబ్బుల్లో అంత రహస్యం దేనికి? మనలాంటివాళ్ళకి అలాంటి చోట ప్రవేశం దొరుకుతుందా?

ఈ ప్రశ్న వేసినవారు అమెరికాలోని జెకిల్ ఐలాండ్ క్లబ్ గురించి ఏదో వీడియో చూశారట. లోపల ఏం జరిగేది, బయటివాళ్ళకి ఎందుకు తెలియనిచ్చేవారు కాదు అని అడిగారు. నేను ఆ దీవికి వెళ్ళలేదు. కానీ మా నాన్న మద్రాసులో ఒక పాత క్లబ్బులో బేరర్‌గా చేరి అక్కడే రిటైరయ్యాడు. నాకు బీకామ్ అయ్యాక ఆయన మాట మీదే అదే క్లబ్బు ఆఫీసులో బిల్లులు రాసే ఉద్యోగం దొరికింది. అది ఏ క్లబ్బో చెప్పను. లోపల జరిగేది మాత్రం చెప్తాను: భోజనం, మందు, పేకాట, టెన్నిస్, పిల్లల పెళ్ళి సంబంధాల కబుర్లు. దీవి మీదైనా మౌంట్ రోడ్డు మీదైనా ఇంతకంటే పెద్దగా ఏమీ ఉండదు. ఆ రహస్యాన్ని ఎవరి దగ్గర దాస్తున్నారన్నదే నేను పట్టించుకునే విషయం.

జెకిల్ దీవి జార్జియా రాష్ట్రం సముద్ర తీరంలో ఉంది. 1886లో బాగా డబ్బున్నవాళ్ళు కొందరు కలిసి వేటకీ చలికాలం విడిదికీ దాన్ని కొనుక్కున్నారు. 1888లో క్లబ్బు తెరిచారు. మోర్గాన్, రాక్‌ఫెల్లర్, వాండర్‌బిల్ట్ కుటుంబాలవాళ్ళు, పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ మెంబర్లు. ప్రపంచంలో ఇంత ధనవంతుల క్లబ్బు, ఇంత సులువుగా అడుగు పెట్టలేని క్లబ్బు ఇంకోటి లేదని 1904లో మన్సీస్ పత్రిక రాసింది. మీరు చూసిన వీడియోలో చెప్పింది మాత్రం 1910 నవంబర్ సంగతి అయ్యుంటుంది. సెనేటర్ నెల్సన్ ఆల్డ్రిచ్, ఆయన కార్యదర్శి షెల్టన్, ట్రెజరీ శాఖ నుంచి ఆండ్రూ, బ్యాంకుల వైపు నుంచి డేవిసన్, వాండర్‌లిప్, వార్‌బర్గ్, ఈ ఆరుగురూ బాతుల వేటకి వెళ్తున్నామని చెప్పి ప్రత్యేక రైలు పెట్టెలో బయల్దేరారు. 1907లో అమెరికా బ్యాంకులు కుదేలయ్యాక దేశానికి ఒక కేంద్ర బ్యాంకులాంటిది ఎలా ఉండాలో ఆ దీవి మీద కూర్చుని రాసుకున్నారు. ఆ పథకం ఉన్నదున్నట్టు చట్టం కాలేదు. కానీ అందులోని చాలా అంశాలు 1913లో వచ్చిన ఫెడరల్ రిజర్వ్ చట్టంలో కనిపిస్తాయి. ఆ సమావేశం జరిగిందని వాళ్ళు 1930ల దాకా బయట ఒప్పుకోలేదు.

వీడియోలవాళ్ళు ఇక్కడే గాలి కొట్టి ఊదేస్తారు. ప్రపంచాన్ని నడిపే ముఠా, చీకటి గది, భయపెట్టే సంగీతం. నాకు వాటి మీద చాలా కోపం. ఆ వ్యవహారంలో గమనించాల్సిన చిన్న వివరం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ ఆరుగురూ ఇంటిపేర్లు వాడకూడదని, ఒకరినొకరు మొదటి పేరుతోనే పిలుచుకోవాలని ఒట్టు పెట్టుకున్నారు. డేవిసన్, వాండర్‌లిప్ ఇద్దరూ ఇంకాస్త ముందుకెళ్ళి, విమానం కనిపెట్టిన రైట్ సోదరుల పేర్లు పెట్టుకుని, ఆర్విల్, విల్బర్ అని పిలుచుకున్నారు. ఆ రైలు పెట్టెలో విలేకరులు లేరు. మరి ఈ జాగ్రత్త ఎవరి కోసం? పక్క వేసే పోర్టరు కోసం, సూపు వడ్డించే మనిషి కోసం. తీరా బ్రన్స్‌విక్ స్టేషన్లో దిగితే, మీరెవరో మాకు తెలుసు, విలేకరులు బయట ఎదురుచూస్తున్నారు అని స్టేషన్ మాస్టరే చెప్పాడని వాళ్ళే తర్వాత చెప్పుకున్నారు. డేవిసన్ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి ఏం మాట్లాడాడో గానీ వార్త మాత్రం బయటికి రాలేదు.

ఇది చదివినప్పుడు నాకు మా నాన్నే గుర్తొచ్చాడు. స్టేషన్ మాస్టరుకి తెలుసు, పోర్టరుకి తెలుసు, వడ్డించినవాడికి తెలిసే ఉంటుంది. క్లబ్బు రహస్యాన్ని కాపాడేది గేటూ కాదు, సముద్రమూ కాదు. తక్కువ జీతానికి నోరు మూసుకుని ఉండే పనివాళ్ళే. ఈ మాటలో నాకు ఏ సందేహమూ లేదు.

దీవి అంటే ఎక్కడో అమెరికాలోనే ఉంటుందనుకోకండి. చెన్నైలో తీవుత్తిడల్ అనే ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ కూవం నది పారుతుంది, అది అచ్చమైన దీవే. మనందరం పిల్లల్ని తీసుకుని ఎగ్జిబిషన్‌కి వెళ్ళేది అక్కడికే. 1884లో పెట్టిన జింఖానా క్లబ్ ఉన్నదీ ఆ దీవి మీదే. పక్కనే లక్షల మంది తిరుగుతుంటారు, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. మద్రాసు క్లబ్ అంతకంటే పాతది, 1832 నాటిది. అందులో చాలా కాలం మనవాళ్ళకి ప్రవేశం లేదు. 1873లో కాస్మోపాలిటన్ క్లబ్ పుట్టడానికి అలాంటి అవమానాలే కారణం. మనల్ని రానివ్వలేదని మనం క్లబ్బు పెట్టుకున్నాం, పెట్టుకుని మళ్ళీ అవే రూల్సు రాసుకున్నాం. 2014లో చేపాక్‌లోని క్రికెట్ సంఘం క్లబ్బులో ఒక సభకి పంచె కట్టుకుని వచ్చిన హైకోర్టు న్యాయమూర్తినే లోపలికి రానివ్వలేదు. అప్పుడు గానీ తమిళనాడు ప్రభుత్వం పంచెని అడ్డుకుంటే లైసెన్సు రద్దు చేస్తామని చట్టం తేలేదు. మా నాన్న ఇంట్లో పంచె తప్ప కట్టేవాడు కాదు. తాను పనిచేసే చోటికి సొంత బట్టల్లో ముందు గుమ్మం నుంచి వెళ్ళే అర్హత ఆయనకి ఏ రోజూ లేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఇక నేను చెప్పాలనుకున్న సంగతి. గూడూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో వ్యాపారం చేసి పైకొచ్చిన ఒకాయన ఉండేవాడు. ఒక మెంబరుకి గెస్టుగా క్లబ్బుకి వస్తుండేవాడు. మాది కూడా నెల్లూరు జిల్లానే అని తెలిశాక మా నాన్నతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడేవాడు. "ఏమయ్యా పెద్దాయనా, పిల్లలెట్టున్నారు?" అని అడగకుండా సోడా అందుకునేవాడు కాదు. మెంబర్‌షిప్‌కి అప్లికేషన్ పెట్టుకుని చాలా ఏళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు. చివరికి వంతు వచ్చింది. నోటీసు బోర్డు మీద పేరు పెట్టారు. పేరు ప్రతిపాదించే ప్రపోజర్ ఒకరు, దాన్ని బలపరుస్తూ సంతకం పెట్టే సెకండర్ ఒకరు, ఇద్దరూ ఆయన స్నేహితులే.

అక్కడ ఓటు కాగితం మీద వెయ్యరు. చెక్క పెట్టె ఉంటుంది, దాని మూతికి గుడ్డ తొడుగు. చెయ్యి లోపల పెట్టి తెల్ల గోళీ వేస్తే సరే, నల్ల గోళీ వేస్తే వద్దని. ఏ రంగు గోళీ వేశారో పక్కవాడికి కనబడదు. మా క్లబ్బులో రెండు నల్ల గోళీలు పడితే చాలు, మిగతా అందరూ తెల్లవి వేసినా ఆ మనిషి పని అయిపోయినట్టే. కారణం చెప్పరు. అడిగే హక్కు కూడా లేదు.

ఆయన పేరు మీద ఓటు జరిగిన సాయంత్రం కమిటీ గదిలో టీలు ఇచ్చే డ్యూటీ మా నాన్నది. నేను ఆఫీసులో లెడ్జర్ ముందున్నాను. ఆ గూడూరాయన పోర్టికో కింద తన కారు పక్కన నిలబడి ఉన్నాడు, కొత్త కోటు వేసుకున్నాడు. గదిలో సెక్రటరీ సొరుగు లాగి చూసి, పుస్తకంలో ఏదో రాసి, పెట్టెని అల్మారాలో పెట్టమని నాన్నకి ఇచ్చాడు. గోళీలు తీసి డబ్బాలో సర్దాల్సింది నాన్నే కాబట్టి ఫలితం ఆయనకి తెలిసిపోయింది. ఆ అభ్యర్థి కంటే ముందు, బయట కూర్చున్న మెంబర్లందరి కంటే ముందు తెలిసిపోయింది.

నాన్న ట్రే పట్టుకుని ప్యాంట్రీ వైపు వెళ్తుంటే గూడూరాయన కిటికీ దగ్గరికి వచ్చి "ఏమైంది పెద్దాయనా?" అని అడిగాడు. నేను ఆఫీసు తలుపు దగ్గర నుంచి చూస్తున్నాను. నాన్న ఆగాడు. "సెక్రటరీ గారు చెప్తారయ్యా" అన్నాడు. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. "టీ తెమ్మంటారా?" అని కూడా అడిగాడు. ఆయన నవ్వి, "లోపలికి వచ్చాకే తాగుతా" అన్నాడు.

మర్నాడు ఉత్తరం టైప్ చేసింది నేనే. మీ అభ్యర్థనని కమిటీ ఆమోదించలేకపోయిందని ఒక్క వాక్యం, కింద సంతకం. ఆయన మళ్ళీ క్లబ్బుకి రాలేదు. ఆ ఉత్తరంలో కారణం కోసం ఎన్నిసార్లు వెతుక్కున్నాడో అనుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

నాన్న రిటైరయ్యాక, ఒకసారి నెల్లూరు రైల్లో వెళ్తూ గూడూరు స్టేషన్ దాటుతున్నప్పుడు ఈ సంగతి తనంతట తానే ఎత్తాడు. బ్యాలట్‌కి ముందు రోజు రాత్రి కార్డ్ రూమ్‌లో సెకండరే పక్కవాళ్ళతో అన్నాడట, ఈయన వస్తే క్లబ్బుని మార్కెట్టు చేసేస్తాడు, సంతకం పెట్టమని బతిమాలితే కాదనలేకపోయాను అని. నాన్న పక్కనే నిలబడి ఐసు వేస్తున్నాడు. అంటే స్నేహితుడే పైకి సంతకం పెట్టి లోపల నల్ల గోళీకి దారి వేశాడు. "మరి ఆయనకి చెప్పలేదేం నాన్నా?" అన్నాను. "చెప్తే నా ఉద్యోగం పోయేది, నీ ఉద్యోగమూ పోయేది" అన్నాడు. ఆ సెకండర్ పేరు అడిగితే మాత్రం చెప్పలేదు. ఉద్యోగం అయిపోయి, క్లబ్బుతో సంబంధం తెగిపోయాక కూడా ఆ పేరు కడుపులోనే దాచుకున్నాడు.

ఆ పెట్టె, ఆ గుడ్డ తొడుగు ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. మనిషి ముఖం మీద కాదని చెప్పే ధైర్యం లేనివాళ్ళకి అది పనికొస్తుంది. క్లబ్బుల మీద మోజు కూడా అక్కడే పుడుతుంది. ఎందుకు రానివ్వలేదో చెప్తే ఆ మనిషి నాలుగు రోజులు బాధపడి మర్చిపోతాడు. చెప్పకపోతే లోపల ఏదో గొప్పది ఉందనీ, తనలోనే ఏదో లోటుందనీ జీవితమంతా అనుకుంటాడు.

క్లబ్బు గురించి నిజం తెలియాలంటే లెక్కల పుస్తకం చూడాలి, గుమాస్తాగా నా నమ్మకం ఇది. బెంగళూరు క్లబ్బులో కుర్ర సైనికాధికారిగా ఉన్న చర్చిల్ ఎగ్గొట్టిన 13 రూపాయలు రాబట్టలేని బాకీగా 1899లో రాసిన పుస్తకం ఇప్పటికీ దాచుకున్నారు, అందరికీ చూపిస్తారు కూడా. పెద్దమనిషి ఎవరు, అప్పులవాడు ఎవరు అనేది బిల్లు రాసేవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అదే క్లబ్బు తన మెంబర్లయిన బ్యాంకుల్లో డిపాజిట్లు వేసుకుని, ఇది మాలో మేం పంచుకున్న డబ్బు, వడ్డీకి పన్ను లేదు అని వాదించింది. 2013లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

అన్నిటికంటే బాధ కలిగించేది ఇదంతా ఇప్పుడు మామూలు ఇళ్ళకి కూడా పాకడం. చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద కొత్త అపార్ట్‌మెంట్లు చూడండి. పనమ్మాయికి వేరే లిఫ్టు. డ్రైవర్లు కూర్చోవడానికి చోటుండదు, వాళ్ళకి టాయిలెట్ ఎక్కడో సెక్యూరిటీవాళ్ళకే తెలియదు. అక్కడే క్లబ్ హౌస్ అని ఒకటి పెట్టుకుని, లోపల నిమ్మరసం తెచ్చిచ్చే కుర్రాడి పేరు కూడా అడగరు. జెకిల్ దీవి మీద నల్లజాతి పనివాళ్ళ ఇళ్ళు వేరే వరసలో ఉండేవి. మనం ఇక్కడ అదే చేస్తూ మెయింటెనెన్స్ కడుతున్నాం. మనవాళ్ళు, అందులోనూ మన తెలుగువాళ్ళు, ఆస్తి కొన్నామని గర్వంగా ఊళ్ళో చెప్పుకుంటారు, ఆ లిఫ్టు సంగతి మాత్రం ఎత్తరు.

ఇక ప్రవేశం సంగతి. జెకిల్‌లో ఇప్పుడు ఎవరికైనా దొరుకుతుంది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక 1942లో క్లబ్బు మూతపడింది. 1947లో జార్జియా ప్రభుత్వం దీవి మొత్తాన్ని 6,75,000 డాలర్లకి తీసుకుంది. పాత క్లబ్బు భవనం ఇప్పుడు హోటలు. అట్లాంటాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈసారి వెళ్ళినప్పుడు చూసి రావచ్చు. ఒక గది అద్దెకి తీసుకుంటే మోర్గాన్ కూర్చున్న వరండాలో మీరూ కూర్చోవచ్చు.

చెన్నైలో అయితే ప్రపోజర్, సెకండర్ దొరకాలి, డబ్బు కట్టాలి, ఏళ్ళ తరబడి ఆగాలి. మెంబర్ల కొడుకులకి ముందు వరస ఉంటుంది, అది మీకు ఎవరూ చెప్పరు. అంతదాకా ఎందుకు, మెంబరైన స్నేహితుడు ఉంటే గెస్టుగా ఒకసారి వెళ్ళి చూడండి. డబ్బు మీరు ఇవ్వలేరు, బిల్లు చిట్టీ మీద సంతకం మెంబరే పెట్టాలి. బేరర్‌కి చేతిలో టిప్పు పెట్టకండి, చాలా చోట్ల అది రూలుకి విరుద్ధం, దొరికితే అతనికే చీవాట్లు. పొంగల్‌కో దీపావళికో స్టాఫ్ కోసం పెట్టె పెడతారు. అందులో ఏమైనా వేస్తావా అని మీ స్నేహితుణ్ణి అడగండి, మీ తరఫున వెయ్యమని అతని చేతికి డబ్బు ఇవ్వండి.